బస్సులు ఎక్కే పాత ర్యాంపును బాగుచేయడం ఎలా? చెన్నై సైట్లకు కొత్తగా వచ్చే ఇంజినీర్లకు

పాత ర్యాంపు రిపేరు పని చేతికి రాగానే చాలామంది ముందు పైకెక్కి తారురోడ్డు చూస్తారు. మీరు కిందికి వెళ్లండి. వాన వెలిసిన మర్నాడు వెళ్తే ఇంకా మంచిది. ఏ స్తంభం మీద తడి మరకలు దిగాయి, ఏ గర్డరు (రోడ్డును మోసే దూలం) కొసన తెల్లటి సున్నపు చారలు కట్టాయి, ఎక్కడ పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి, అన్నీ అక్కడే కనిపిస్తాయి. ర్యాంపును పాడుచేసేది బస్సుల బరువొక్కటే అని జనం అనుకుంటారు. చెన్నైలో నేను చూసిన పాత కట్టడాల్లో ఎక్కువ చోట్ల మొదటి ముద్దాయి నీరు. నీటి దారి మూయకుండా చేసిన రిపేరు కొన్ని వానాకాలాలకే మళ్లీ ఊడుతుంది. కింద చెప్పే పనుల వరస అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నెల్లూరు, తిరుపతి, శ్రీకాకుళం వైపు నుంచి మన పిల్లలు చాలామంది చెన్నైలో రిపేరు కంట్రాక్టర్ల దగ్గర చేరుతున్నారు. కాలేజీలో కొత్త వంతెన డిజైన్ చేయడం నేర్పుతారు. పైన బస్సులు పోతుండగా పాత వంతెనను నిలబెట్టడం మాత్రం సైటు మీదే నేర్చుకోవాలి. అలా వచ్చినవాళ్ల కోసమే ఇది.

ఇక్కడ ర్యాంపు అంటే రెండు రకాలు. ఒకటి, ఫ్లైఓవర్ ఎక్కి దిగే వాలు భాగాలు. అన్నా సాలైలో జెమిని ఫ్లైఓవర్‌ను 1973లో తెరిచారు. అర్ధశతాబ్దం దాటినా సిటీ బస్సులు దాని మీదుగానే పోతున్నాయి. రెండోది, బస్టాండులో పై అంతస్తుకు బస్సులను ఎక్కించే ర్యాంపు. మన ఆంధ్ర బస్సులు బయల్దేరే మాధవరం టెర్మినల్ రెండంతస్తులది. 2018లో తెరిచారు కాబట్టి దానికి ఇంకా వయసు మీద పడలేదు. కానీ ఇలాంటివాటికి జాగ్రత్త మొదలుపెట్టాల్సింది ఇప్పుడే.

ముందు కింద నడిచేవాళ్ల సంగతి చూడండి

పరీక్షలు, అంచనాలు, టెండర్లు తర్వాత. ర్యాంపు కింద ఆటో స్టాండు ఉంటుంది, పూలమ్మే అవ్వ ఉంటుంది, ఎండకు నీడ పట్టున నిలబడ్డ ప్రయాణికులు ఉంటారు. మొదటి వారంలోనే లిఫ్టు బండి తెప్పించి, కింద బారికేడ్ పెట్టి, వేలాడుతున్న పెచ్చులను చేత్తో, చిన్న సుత్తితో దింపేయండి. దింపలేని చోట వల కట్టండి. అరచేతి మందం పెచ్చు ఆరేడు మీటర్ల ఎత్తు నుంచి తల మీద పడితే మనిషి బతకడం కష్టం. ఈ పనికి ప్రత్యేకంగా అనుమతి, బడ్జెట్ అంటూ ఫైలు నడపాల్సి వస్తే, ఆ ఫైలు కదిలేదాకా ఆ జాగా మూసి ఉంచమని లిఖితపూర్వకంగా అడగండి. మీ ఉద్యోగం ఎంత కొత్తదైనా సరే, ఈ ఉత్తరం రాసే హక్కు మీకుంది.

నీటి పటం గీయండి

ర్యాంపు మొత్తాన్ని స్పాన్ల (రెండు స్తంభాల మధ్య భాగాల) వారీగా కాగితం మీద గీసి, నీరు ఎక్కడ పుడుతోంది, ఎటు పారుతోంది, ఎక్కడ కారుతోంది అని గుర్తు పెట్టండి. మూడు చోట్లు తప్పకుండా దొరుకుతాయి.

మొదటిది ఎక్స్‌పాన్షన్ జాయింటు, అంటే వేడికి వంతెన సాగడానికి స్పాన్ల మధ్య వదిలే సందు. దాని రబ్బరు సీలు చిరిగినా, ఊడినా, వాననీరు నేరుగా గర్డరు కొస మీద, పియర్ క్యాప్ (స్తంభం తల) మీద, బేరింగుల (గర్డరు కింద ఉండే దిండ్ల) మీద పడుతుంది. ర్యాంపులో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాలు వెంట పైనుంచి వచ్చే నీరంతా ఆ జాయింటునే వెతుక్కుంటుంది. రెండోది పక్కన ఉండే నీటి తూములు. మట్టి, ప్లాస్టిక్ కవర్లు, తారు పనుల్లో మిగిలిన చెత్త వాటిలో కూరుకుపోయి ఉంటాయి. కొన్నిచోట్ల గొట్టం మధ్యలో విరిగి, నీళ్లతో స్తంభాన్నే తడుపుతూ ఉంటుంది. మూడోది పిట్టగోడకూ డెక్కుకూ (బండ్లు పోయే కాంక్రీటు పలకకూ) మధ్య సందు.

పొడి రోజుల్లో పటం గీయాల్సి వస్తే ట్యాంకరుతో పైన నీళ్లు వదిలి, కింద ఇద్దరిని నిలబెట్టి చూడండి. ఒక్క రాత్రి పని. కారిన ప్రతి చోటుకూ ఫోటో తీసి, స్పాను నంబరు రాయండి. తర్వాత వచ్చే తుప్పు పరీక్షల ఫలితాలను ఈ పటం పక్కన పెట్టి చూడండి. రెండూ చాలా చోట్ల ఒకేచోట కలుస్తాయి. కలవని చోట్లే మీరు ఎక్కువసేపు ఆగి ఆలోచించాలి.

అడగాల్సిన మనుషులు, వెతకాల్సిన కాగితాలు

ఆ రూటులో రోజూ తిరిగే బస్సు డ్రైవర్లను టీ కొట్టు దగ్గర పట్టుకోండి. "అన్నా, ఎక్కడ బండి కొడుతుంది?" అని అడిగితే ఏ జాయింటు దగ్గర చక్రం దబ్బుమంటుందో, ర్యాంపు మొదట్లో మట్టికట్టకూ వంతెనకూ కలిసే చోట ఎంత గుంత పడిందో వేలు పెట్టి చూపిస్తారు. ఆ దెబ్బ చిన్నది కాదు. ఎగుడుదిగుడు మీద చక్రం పడినప్పుడు జాయింటు అంచుకు తగిలే తాకిడి, నిలబడి ఉన్న చక్రం బరువు కన్నా చాలా ఎక్కువ. రాత్రి ఊడ్చేవాళ్లకు ఏ తూము ఎప్పుడూ నిండి ఉంటుందో తెలుసు.

కాగితాల్లో మీకు కావలసినవి పాత డ్రాయింగులు, బేరింగు వివరాలు, గతంలో చేసిన రిపేర్ల బిల్లులు. ర్యాంపు కార్పొరేషనుదా, రాష్ట్ర హైవేస్ శాఖదా, బస్టాండు యాజమాన్యానిదా అన్నది ముందే తేల్చుకోండి. కాగితాలు ఎక్కడ దొరుకుతాయన్నది దాన్ని బట్టే ఉంటుంది. డ్రాయింగులు దొరక్కపోతే టేపు పట్టుకుని కొలిచి కొత్తగా గీయక తప్పదు.

బిల్లుల్లో తారు పొరల లెక్క ముఖ్యం. రోడ్డు పాడైనప్పుడల్లా పాత పొర తీయకుండా పైన కొత్తది వేస్తూ పోయిన ర్యాంపులు చాలా ఉన్నాయి. ఒక లెక్క చూడండి. 7.5 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల పొడవున్న స్పాను మీద అదనంగా 50 మిల్లీమీటర్ల తారు అంటే సుమారు 9.4 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 2.4 టన్నుల చొప్పున 22 టన్నులు దాటుతుంది. జనం కిక్కిరిసిన బస్సు ఒకటి పగలూ రాత్రీ కదలకుండా అక్కడే నిలబడినదానికన్నా ఎక్కువ. పైగా పొర లేచినకొద్దీ పిట్టగోడ ఎత్తు తగ్గుతుంది, జాయింటు గుంతలో పడుతుంది, తూము నోరు మూసుకుపోతుంది. నాలుగైదు చోట్ల చిన్న కోరు (గొట్టపు డ్రిల్లుతో తీసే ముక్క) తీసి అసలు మందం ఎంతో కొలవండి. సాధారణంగా ఉండాల్సింది 25 మిల్లీమీటర్ల మాస్టిక్ (నీరు దిగనివ్వని తారు మిశ్రమం), 40 మిల్లీమీటర్ల తారు కాంక్రీటు కలిపి మొత్తం 65.

బరువు గురించి ఇంకో మాట. నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద అనుమతించే బరువును కేంద్రం 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. రోడ్డు పొరకు జరిగే నష్టం ఇరుసు బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి, పూర్తి బరువుతో పోయే ఇరుసు చేసే నష్టం 60 శాతం దాకా పెరిగినట్టే. 2025 నుంచి చెన్నైలో ఎలక్ట్రిక్ సిటీ బస్సులూ తిరుగుతున్నాయి. బ్యాటరీల బరువు వాటికి అదనం. లోడు లెక్క వేసేటప్పుడు పాత డ్రాయింగులో రాసిన బండిని కాకుండా ఇప్పుడు నిజంగా ఎక్కుతున్న బండిని తీసుకోండి.

పరీక్షలు: ఏది ఎందుకు

మొదటి పరికరం సుత్తి. కాంక్రీటు మీద తడుతూ పోతే గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయినచోట బోలుగా పలుకుతుంది. బోలు పలికినంత మేరా సుద్దముక్కతో గీయండి. ఏ మెషీనూ ఇంత త్వరగా ఇంత విషయం చెప్పదు.

తర్వాత కవర్ మీటరుతో చువ్వల మీద కాంక్రీటు మందం కొలవండి. పగలగొట్టిన తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లితే ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువు సోకి క్షారం పోయినచోట రంగు రాదు. రంగు రాని లోతు చువ్వ దాకా వచ్చిందంటే దానికి రక్షణ పోయినట్టే.

హాఫ్ సెల్ పరీక్షలో రాగి ఎలక్ట్రోడుతో చువ్వ వోల్టేజీ చూస్తారు. రీడింగు మైనస్ 200 మిల్లీవోల్టుల కన్నా పైన ఉంటే తుప్పు లేకపోవడానికి 90 శాతం అవకాశం. మైనస్ 350 దాటి కిందికి పోతే తుప్పు నడుస్తోందనడానికి 90 శాతం అవకాశం. మధ్యలో ఉంటే ఏమీ చెప్పలేం, అప్పుడు ఊహించకుండా ఒకచోట తవ్వి కళ్లతో చూడండి. ఒక్క రీడింగు చూసి తీర్పు ఇవ్వకూడదు. గళ్లుగళ్లుగా తీసి, పక్కపక్క గళ్ల మధ్య తేడా చూడాలి. ధ్వని తరంగాల పరీక్షలో వేగం సెకనుకు 3 కిలోమీటర్ల లోపు వస్తే ఆ కాంక్రీటును అనుమానించాల్సిందే.

చెన్నైలో అన్నిటికన్నా పట్టించుకోవాల్సింది క్లోరైడు. సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది, అది తడితో కలిసి లోపలికి ఇంకుతుంది. కాంక్రీటును మూడు నాలుగు లోతుల్లో డ్రిల్ చేసి, ఏ లోతు పొడిని ఆ లోతు పొట్లంలో కట్టి ల్యాబుకు పంపండి. చువ్వతో కూడిన కాంక్రీటు పోసేటప్పుడు క్లోరైడు ఘనపు మీటరుకు 0.6 కిలోలు మించకూడదని భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది, ప్రీస్ట్రెస్ చేసినదానికైతే (లోపలి ఉక్కు కేబుళ్లను లాగి బిగించినదానికి) 0.4. చువ్వ లోతులో అంతకన్నా చాలా ఎక్కువ వస్తే పైపై పూత పనులతో సరిపెట్టలేం. పెద్ద సందేహాలకు తరమణిలోని నిర్మాణ పరిశోధన సంస్థ ఎస్‌ఈఆర్‌సీ, ఐఐటీ మద్రాసు ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఇంత అనుభవమున్న సంస్థలు పక్కనే ఉండగా ఊహలతో పని చేయడం తప్పు.

ర్యాంపు ప్రీస్ట్రెస్డ్ అయితే మాత్రం ఇంకా జాగ్రత్త. బలమంతా కేబుళ్లలో ఉంటుంది, అవి తుప్పు పట్టినా బయటికి పెద్దగా గుర్తు కనిపించదు. బెంగళూరులో పీణ్య ఫ్లైఓవర్ ఉదాహరణ మనముందే ఉంది. 2010లో వచ్చిన వంతెన. కేబుళ్లు దెబ్బతిన్నాయని 2021 డిసెంబరులో మూశారు. 2022 ఫిబ్రవరిలో చిన్న బండ్లను వదిలారు. బస్సులు, లారీల వంటి బరువు బండ్లు మళ్లీ ఎక్కడానికి 2024 జూలై దాకా పట్టింది. కేబుల్ ఎక్కడుందో స్కాన్ చేయకుండా అలాంటి గర్డరులో ఒక్క రంధ్రం కూడా పెట్టకండి. కోరు తీసే కుర్రాడికి ఈ మాట అతని భాషలో, ఒడియా అయితే ఒడియాలో, చెప్పించండి.

ట్రాఫిక్, క్యాలెండరు

చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే పడుతుంది. డెక్కు విప్పే పనులు, వాటర్‌ప్రూఫింగ్, జాయింట్లు జనవరి చివర మొదలుపెట్టి సెప్టెంబరు లోపు ముగిసేలా వెనక నుంచి లెక్క వేసుకోండి. పొంగల్, ఆయుధ పూజ, దీపావళి రద్దీ రోజుల్లో ట్రాఫిక్ లేన్ మూయమని అడగకండి. జూన్ తర్వాత సాయంత్రాలు ఉరుముల వాన వస్తుంది, పోత పోసిన రోజు టార్పాలిన్ సైటు మీదే ఉండాలి.

ట్రాఫిక్ పోలీసులు ముందు ట్రయల్ మళ్లింపు చేస్తారు. దానికి ముందే మీరే బస్సు ఎక్కి ఆ మళ్లింపు దారిలో ఒకసారి వెళ్లిరండి. పన్నెండు మీటర్ల బస్సు తిరగలేని మలుపు, వంగిన చెట్టుకొమ్మ, కిందికి వేలాడే కేబుల్ వైరు మ్యాపులో కనిపించవు. స్టాపు మారితే కొత్త స్టాపు బోర్డు పాత స్టాపు దగ్గరే పెట్టాలి, తమిళంలో, పెద్ద అక్షరాల్లో. మాధవరం లాంటి చోట తెలుగులో కూడా పెట్టించండి. బారికేడ్లు, లైట్లు, హెచ్చరిక బోర్డుల దూరాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శి ఐఆర్‌సీ ఎస్‌పీ 55 చూడండి.

రాత్రి 11 నుంచి 4 దాకా లేన్ ఇచ్చారంటే మీకు అయిదు గంటలు దొరికాయనుకోకండి. బారికేడ్లు పెట్టడానికి, తీయడానికి, ఊడ్చడానికి పోయేది పోగా మిగిలినదే పని. తెల్లవారి మొదటి బస్సుకు దారి ఇవ్వలేని పనిని ఆ రాత్రి మొదలుపెట్టనే పెట్టకండి. నర్సులు, పారిశుధ్య కార్మికులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఆ మొదటి బస్సుల్లోనే వెళ్తారు.

పనుల వరస

తూములు శుభ్రం చేయడం, విరిగిన గొట్టాలు మార్చడం, కారే జాయింటు కింద తాత్కాలికంగా రేకు కాలువ కట్టడం మొదటిరోజు నుంచే జరగాలి.

ఆ తర్వాత కాంక్రీటు రిపేరు. పాడైన భాగం చుట్టూ కట్టర్‌తో 10 మిల్లీమీటర్ల లోతున నిటారుగా కోయండి. అంచు పలచగా, ఏటవాలుగా వదిలితే అక్కడినుంచే లేస్తుంది. చువ్వ వెనకకు కూడా 20 నుంచి 25 మిల్లీమీటర్ల దాకా కాంక్రీటు తీసేయాలి. మేస్త్రీకి ఇది నచ్చదు, పని రెట్టింపు అవుతుంది. అయినా పట్టుబట్టండి. చువ్వ వెనక ఉప్పు పట్టిన కాంక్రీటు వదిలేస్తే తుప్పును లోపల పెట్టి మూత వేసినట్టే. గర్డరు అడుగున మెయిన్ చువ్వలు బయటపడేంత తవ్వాలంటే, ముందు డిజైనరును అడిగి ఆసరాలు పెట్టించి, పైన బస్సులు ఆపించాకే తవ్వాలి.

చువ్వను మెరిసేదాకా రుద్దించి వ్యాసం కొలవండి. ఎంత మేర తినేసిందో చూసి అదనపు చువ్వ కట్టాలా అన్నది డిజైనర్ చెబుతారు. తర్వాత జింకు ప్రైమర్, పాత కాంక్రీటును తడిపి పైతడి ఆరనిచ్చాక పాలిమర్ మోర్టారు. లోతు ఎక్కువైతే షట్టరింగ్ కట్టి మైక్రో కాంక్రీటు (సన్న కంకరతో జారుగా ఉండేది).

ఇక్కడ ఒక చిక్కుంది, బాగా అర్థం చేసుకోండి. ఉప్పు పట్టిన కట్టడంలో ఒకచోట కొత్త మోర్టారు వేస్తే, ఆ చువ్వ బాగుంటుంది గానీ ప్యాచ్ అంచు పక్కన పాత కాంక్రీటులో ఉన్న చువ్వ మునుపటికన్నా వేగంగా తుప్పు పడుతుంది. కొన్నేళ్లకు ప్యాచ్ చుట్టూ ఉంగరంలా కొత్త పెచ్చులు లేస్తాయి. అందుకే క్లోరైడు ఎక్కువున్న చోట ప్యాచ్ అంచున చువ్వకు జింకు ఆనోడ్లు కట్టిస్తారు. చువ్వ బదులు జింకు కరిగిపోతుంది. ఖర్చు ఎక్కువని అంచనాలో ముందు వీటినే కొట్టేస్తారు. పోనివ్వకండి. మీ క్లోరైడు ఫలితాల కాగితం తీసి చూపించండి.

నీళ్ల సంగతి కూడా మరవకండి. సైటుకు వచ్చే ట్యాంకర్ నీళ్లు ఎక్కడి బోరువో తెలియదు. చువ్వలున్న కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ట్యాంకరు మారినప్పుడల్లా పరీక్ష చేయించండి, క్యూరింగ్‌కూ (పోత గట్టిపడేదాకా తడిపి ఉంచడానికీ) అవే మంచినీళ్లు వాడండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మే నెలలో చెన్నై ఎండకు పలచటి మోర్టారు పొర ఎంత? పోత రాత్రి పెట్టుకుని, తడి గోనెలు కప్పి, తడి ఆరకుండా చూడటానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి.

పగుళ్లలో కదలని వాటికే ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ఇంజెక్షన్. పగులు మీద గాజుపలక అతికించి కొన్ని రోజులు చూస్తే కదులుతోందో లేదో తెలుస్తుంది. కదిలే పగులును ఎపాక్సీతో బిగిస్తే పక్కన ఇంకోటి పుడుతుంది. నిలువు పగుళ్లలో కింది నుంచి పైకి ఎక్కించండి.

బేరింగులు మార్చడం గర్డరు కొసలు, పియర్ క్యాప్ గట్టిపడ్డాకే. జాకీ ఆనించే కాంక్రీటు బోలుదైతే అది నలిగిపోతుంది. ఒక పియరు మీది జాకీలన్నీ ఒకే పంపుకు కలిపి, కొన్ని మిల్లీమీటర్లే, అన్నీ సమానంగా లేపాలి. తాళపు నట్టున్న జాకీలే వాడండి, ప్రెషరు పడిపోయినా గర్డరు కిందికి దిగదు. లేపుతున్నంతసేపు పైన ఒక్క బండీ ఉండకూడదు. ఇందులో రాజీ లేదు.

చివరికి పైకి వెళ్దాం. పాత తారు మొత్తం మిల్లింగ్ చేసి (మెషీనుతో గీకి) తీసేయండి. డెక్కు పైముఖం కనిపించాక అక్కడా సుత్తితో తట్టి చూడండి. రిపేరు, వాటర్‌ప్రూఫ్ పొర, ఆ తర్వాత మాస్టిక్, తారు. ర్యాంపు మీద బస్సులు ఒకే గాడిలో, మెల్లగా, బ్రేకులు వేస్తూ పోతాయి. డీజిలు, ఆయిలు చుక్కలు తారును మెత్తబరుస్తాయి. అందుకని వాలు భాగానికి పాలిమర్ కలిపిన తారు అడగండి. జాయింటు సీలు మధ్యలో అతుకు లేకుండా ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడ దాకా ఒకే ముక్కగా ఉండాలి. వేశాక నీళ్లు కట్టి, కింద నిలబడి చూడండి. ఒక్క చుక్క కారినా బిల్లు పాస్ చేయొద్దు.

బస్సులను వదిలే ముందు, వదిలాక

నిర్మాణ బలానికి సంబంధించిన పని చేసి ఉంటే ఐఆర్‌సీ ఎస్‌పీ 51 ప్రకారం లోడ్ టెస్టు చేయించండి. బరువు 24 గంటలు ఉంచి, తీశాక మరో 24 గంటలకు వంగినదాంట్లో ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తారు. మామూలు కాంక్రీటుకు కనీసం 75 శాతం, ప్రీస్ట్రెస్డ్‌కు 85 శాతం రావాలి.

ఏ స్పానులో ఏం చేశారో, ఏ మందు వాడారో, ఆనోడ్లు ఎక్కడున్నాయో డ్రాయింగు మీద గుర్తుపెట్టి యాజమాన్యానికి ఇవ్వండి. ఒక కాపీ కాగితం మీద, ఒకటి కంప్యూటర్లో. పదేళ్ల తర్వాత వచ్చే ఇంజినీరు మీలాగే కాగితాల కోసం తిరుగుతాడు. అలాగే నిర్వహణ కాంట్రాక్టులో మూడు పనులు తేదీలతో రాయించండి: సెప్టెంబరులో ప్రతి తూమూ తెరిచి శుభ్రం చేయడం, జనవరిలో వానలు పోయాక ర్యాంపు కింద నడిచి తడి మరకలు ఫోటో తీయడం, కొత్త తారు వేయాలంటే ముందు పాతది తీయడం.